బూటులో ఇన్‌సోల్ (కాలి కింద వేసే మెత్తని అట్ట) వేశాక కూడా పిల్లాడి మడమ నొప్పి తగ్గట్లేదా?

లక్షణం: ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు పరిగెత్తి వచ్చాక మడమ వెనక నొప్పి అంటారు. మునివేళ్ల మీద నడుస్తారు. విశ్రాంతి తీసుకుంటే తగ్గి, ఆటకెళ్తే మళ్లీ మొదలు.

ముందు ఒక్క పని చేయండి, దీన్నే అందరూ వదిలేస్తారు. మడమను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు పక్కల నుంచి నొక్కండి. పిల్లాడు కాలు లాక్కున్నాడంటే చాలావరకు సీవర్స్ నొప్పే. 1912లో సీవర్ అనే డాక్టరు దీన్ని వివరించాడు. మడమ ఎముక వెనక ఎదిగే భాగం ఇంకా గట్టిపడదు. ఎముక త్వరగా పెరుగుతుంటే పిక్క కండరం అంత వేగంగా సాగదు, దాన్ని మడమకు కలిపే స్నాయువు ఆ లేత చోటును పట్టి లాగుతుంది. ఎక్స్‌రేలో అక్కడ ముక్కలైనట్టు కనిపించినా కంగారు పడకండి, నొప్పి లేని పిల్లల్లోనూ అలాగే ఉంటుంది.

ఇన్‌సోల్ అమరిక: బూటులోని పాత అట్ట తీసి, దాన్నే కొలతగా పెట్టి కొత్తది కత్తిరించాలి. కోత వేళ్ల వైపే, మడమ వైపు కత్తెర పెట్టొద్దు. పాతదాని మీదే కొత్తది వేస్తే మడమ పైకి లేచి బూటులోంచి జారుతుంది. మడమ గుంట లోతుగా ఉండాలి, బొటనవేలితో నొక్కితే అట్టే అణిగిపోకూడదు. నొప్పి ఒక కాలికే ఉన్నా రెండింటికీ వేయండి. బూటు వెనక గోడ వేలితో నొక్కగానే మడతపడితే ముందు బూటు మార్చండి. ఒడిశాలోని బరంపురం దుకాణాల్లో తెలుగు రాని వాళ్లు ఎదురైతే ఒడియాలో ‘గోయిఠి’ అనండి, మడమని అర్థమవుతుంది.

ఇదంతా సరిగ్గా చేసినా నెల దాటాక నొప్పి అలాగే ఉందా? ఇన్‌సోల్‌ని బయటికి తీసి వెలుగులో చూడండి. మడమ గుంటలో గుడ్డ నల్లబడి, నునుపెక్కి ఉండాలి. కొత్తదానిలా మెరుస్తోందంటే పిల్లాడు దాని మీద పరిగెత్తడం లేదు. అసలు దొంగ ఇక్కడే ఉంటాడు. ఇన్‌సోల్ నల్ల బూట్లలో పెడతారు. ఆ బూట్లు వేసుకుని బల్ల మీద కూర్చుంటాడు. పీటీ రోజున తెల్ల కాన్వాస్, దాని అడుగు పలచన, వెనక గోడ మెత్తన. సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మం దగ్గర బూట్లు విప్పి, కాంక్రీటు వీధిలో వట్టికాళ్లతో కబడ్డీ. పర్లాకిమిడి, గుణుపూర్ వీధుల్లో ఇదే వరస. నొప్పి తెప్పించే గంటన్నర ఇన్‌సోల్ లేకుండానే గడిచిపోతుంది.

అందుకే ఓ వారం పాటు ఏ ఆట ఏ చెప్పులతో, ఎంతసేపు అని కాగితం మీద రాయండి. ఎక్కువ పరుగు ఏ జతలో ఉందో ఇన్‌సోల్ అందులో ఉండాలి. కాన్వాస్‌లో పట్టకపోతే పీటీకి కూడా స్పోర్ట్స్ షూ వేసుకోనివ్వమని మాస్టారుకు చీటీ పంపండి. వట్టికాళ్ల ఆట మాత్రం నొప్పి పోయేదాకా ఆపాలి, ఇక్కడ బేరం లేదు. ఇంట్లో కూడా మెత్తని చెప్పులు వేసుకోమనండి. వానాకాలంలో తడిసిన ఇన్‌సోల్ నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే వంకర తిరుగుతుంది.

దీంతోపాటు పిక్క సాగదీయడం: గోడకు చేతులు ఆనించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ నేలకే ఉంచి 30 సెకన్లు. మూడుసార్లు, పొద్దున్న, రాత్రి. సాగుతున్నట్టు ఉండాలి తప్ప నొప్పి పుట్టకూడదు. ఆట తర్వాత గుడ్డలో చుట్టిన ఐసు 10-15 నిమిషాలు.

ఈ నొప్పికి ఎముకలో సన్న పగులు, చీము, కీళ్ల వాతం కారణం కావడం చాలా అరుదు. జ్వరం, ఎర్రటి వాపు, రాత్రి నిద్ర లేపే నొప్పి, దెబ్బ తగిలాక కాలు మోపలేకపోవడం ఉంటే ఇన్‌సోల్ సంగతి పక్కనపెట్టి, ఆ రోజే ఎముకల డాక్టరుకు చూపించండి.