గ్లాసులో నిమ్మకాయ పడే ఫొటోలో నల్ల చారలు: నా అనుభవం

గ్లాసు నీళ్లలో నిమ్మకాయ పడే క్షణాన్ని ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు కింద, కెమెరా ఎలక్ట్రానిక్ షట్టర్‌తో (తెర కదలకుండా తీసే పద్ధతి) 1/2000 సెకను పెట్టి తీస్తే ఫొటోకి అడ్డంగా నల్ల చారలు వచ్చాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి నాసిరకం డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్) ఉన్న లైటు సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సర్‌ని (వెలుగును పట్టే చిప్) వరసవరసగా చదువుతుంది గనక ఆ మిణుకు చారలుగా పడుతుంది. 1/100 లేదా 1/50 సెకనుకి దిగితే చారలు పోతాయి, కానీ నీటి చుక్కలు సాగిపోతాయి.

అందుకే గదిలో లైట్లన్నీ ఆర్పేసి ఫ్లాష్ మీదే ఆధారపడ్డాను. మెకానికల్ షట్టర్ (తెర కదిలేది) 1/160 సెకను, లెన్సు రంధ్రం ఎఫ్/11, ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) 400, ఫ్లాష్ మాన్యువల్‌లో 1/64, అంటే ఫుల్ పవర్‌లో 64వ వంతు. కదలికను ఆపేది షట్టర్ కాదు, ఫ్లాష్ వెలిగే క్షణం. పవర్ తగ్గేకొద్దీ ఆ క్షణం చిన్నదవుతుంది. ఫుల్ పవర్‌లో చుక్కలకు తోకలొస్తాయి. హెచ్ఎస్ఎస్ (వేగమైన షట్టర్‌తో ఫ్లాష్ వాడే హై స్పీడ్ సింక్) ఆపేయాలి, లేకపోతే వెలుగు విడతలుగా వచ్చి మళ్లీ సాగుతాయి. చీకటిగా వస్తే ఫ్లాష్ దగ్గరికి జరపండి లేదా ఐఎస్ఓ పెంచండి, పవర్ జోలికి పోవద్దు.

గ్లాసు వెనక అడుగు దూరంలో ట్రేసింగ్ పేపరు, దాని వెనక ఫ్లాష్. గ్లాసు పక్కలకు నల్ల చార్టు ముక్కలు నిలబెడితే అంచులు తీరుగా కనిపిస్తాయి. కాయ పడేచోట పెన్సిల్ అడ్డంగా పెట్టి, మాన్యువల్ ఫోకస్ చేసి, పెన్సిల్ తీసేయాలి. నీళ్లు కాచి చల్లారిస్తే బుడగలు తక్కువ. లెన్సు ముందు యూవీ ఫిల్టర్ (బిగించే గాజు) పెడితే మంచిది, చుక్కలు నేరుగా లెన్సు మీద పడవు.