వెనక కుర్చీలోంచి సంఘంలోకి రావడం ఎలా?

మా వైపు చర్చిల్లో తొమ్మిదిన్నరకి ఆరాధన అంటే మనుషులు నిండేది పదిన్నరకండి, ఇందులో దాచేదేం లేదు. నేను చాలా ఏళ్ళు ఆ పదిన్నర బ్యాచ్. గుమ్మం పక్కన ఫ్యాను గాలి తగిలే చోట ఒక ప్లాస్టిక్ కుర్చీ నా పేర రిజిస్ట్రేషన్ చేయించుకున్నట్టే ఉండేది, ఆఖరి ఆమెన్ వినపడగానే చెప్పుల గుట్టలోంచి నా జత లాక్కుని అందరికంటే ముందు బయటపడేది కూడా నేనే. నమ్మకం లేక కాదు. ఉంది. కాపోతే మనసు సగం అక్కడ, సగం చెరువు గట్టు మీద, కరెంటు పోయి చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోయాయేమో, ఇంజను వెయ్యాల్సిన కుర్రాడు నిద్రపోయాడేమో అని.

ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో లవొదికయ సంఘాన్ని నులివెచ్చగా ఉన్నావని గద్దించిన చోటు చదివినప్పుడల్లా నాకు ఆ కుర్చీయే గుర్తొచ్చేది. అందుకని ఇది నాలాంటోళ్ళ కోసం రాస్తున్నా, కొత్తగా నమ్ముకున్నవాళ్ళకీ, కువైట్ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చేసి ఊరి సంఘంలో మళ్ళీ కుదురుకోవాలనుకునేవాళ్ళకీ కూడా పనికొస్తుంది. పూర్ణ హృదయం అంటే మైకు పట్టుకుని గట్టిగా ప్రార్థన చెయ్యడం అనుకుంటారు చాలామంది, నేనూ అలాగే అనుకున్నా, కానీ నేను చూసినంతలో అది చెప్పిన టైముకి రావడంలోనూ ఒప్పుకున్న పని చెయ్యడంలోనూ ఎక్కువ కనపడుద్ది.

ముందు ఒక సంఘం పట్టుకోండి, ఒక్కటే

మా గోదావరి డెల్టాలో ఎంచుకోడానికి మరీ ఎక్కువున్నాయి, అదే కష్టం. నరసాపురం, పాలకొల్లు వైపు బ్రదరెన్ మందిరాలు, రాజమండ్రి, భీమవరం చుట్టూ లూథరన్ చర్చిలు, కాకినాడ, రామచంద్రపురం వైపు బాప్టిస్టులు, ఏలూరు వైపు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), ఇక పెంతెకొస్తు, ఇండిపెండెంట్ సంఘాలైతే ప్రతి ఊళ్ళోనూ. ఇవేవీ రాత్రికి రాత్రి మొలవలేదు. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు బ్రదరెన్ మిషనరీలు ఇంగ్లండు నుంచి భార్యలతో సహా వచ్చి నరసాపురం పట్టున ఉండిపోయారు, నెల నెలా జీతం పంపే మిషన్ ఏదీ వాళ్ళ వెనక లేదు, ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న రోజుల్లో, అంటే 1847 నుంచి 1852 మధ్య, అక్కడి కూలీల మధ్యకి కూడా వెళ్ళి సువార్త చెప్పారు. లూథరన్ల ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) 1927లో ఏర్పడింది, సీఎస్ఐ 1947 సెప్టెంబరు 27న, స్వతంత్రం వచ్చిన నెలన్నరకి. ఇదంతా తెలిశాక నాకు పక్క సంఘం మీద చులకన కొంచెం తగ్గింది, మీకూ తగ్గుతుందేమో చూడండి.

ఓ ఐదారు ఆదివారాలు ఊరికే వెళ్ళి కూర్చోండి. వాక్యం చదివి చెప్తున్నారా లేక పిట్టకథలతోనే సరిపెడుతున్నారా, కానుకల లెక్క ఏడాదికోసారైనా సంఘం ముందు చదువుతున్నారా, పాస్టర్ గార్ని ఏదైనా అడిగితే కోప్పడుతున్నారా, ఇవి గమనించండి. ప్రార్థనకి ఇంత అని రేటు చెప్పే చోట, విశ్వాసం ఉంటే షుగరు మాత్రలు మానెయ్యమనే చోట మాత్రం ఆగొద్దు. లూకా గారు వైద్యుడేనండి, పౌలు పక్కనే తిరిగారు, ప్రియుడైన వైద్యుడని కొలొస్సయులు 4లో రాసుంది కూడా. మనసు కుదిరిందా, ఇక అక్కడే ఉండిపోండి. పొద్దున ఒకచోట, మధ్యాహ్నం బిర్యానీ పెట్టే చోట, సాయంత్రం యూట్యూబులో ఇంకోచోట, ఇలా తిరిగితే మీకు జ్వరం వచ్చినా ఏ సంఘానికీ తెలీదు. ఇదివరకు వేరే సంఘంలో ఉండుంటే అక్కడి పెద్దల దగ్గర ఉత్తరం రాయించుకు రండి, చెప్పాపెట్టకుండా మారితే రెండు చోట్లా మాటలొస్తాయి.

బాప్తిస్మం, కాలవ సంగతి

సీఎస్ఐ, లూథరన్ వాళ్ళు చిన్నప్పుడే ఇచ్చేస్తారు, పెద్దయ్యాక ఆ నమ్మకాన్ని తమ నోటితో ఒప్పుకోడానికి కన్ఫర్మేషన్ క్లాసులు ఉంటాయి. బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు వాళ్ళు తనంతట తాను నమ్మాకే నీళ్ళలో ముంచి ఇస్తారు. మా ఊళ్ళో అది కాలవలోనే. ఇక్కడ చాలామంది మర్చిపోయేదేంటంటే దాళ్వా, అంటే రెండో వరి పంట, అయ్యాక ఎండాకాలం కాలవలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలేదాకా అడుగున బురద, తూటికాడ తప్ప ఏం ఉండదు, కాబట్టి మే నెలలో డేటు పెట్టుకుంటే గోదారి రేవుకైనా వెళ్ళాలి, తొట్టి ఉన్న మందిరమైనా వెతుక్కోవాలి. అదే జూలై, ఆగస్టులైతే గోదారి ఎర్రనీళ్ళతో లాగేస్తా ఉంటది, అప్పుడు గోదారి జోలికెళ్ళకండి, కాలవే మేలు. తెల్లారకట్లే వెళ్తే రేవు ఖాళీగా ఉంటది. తెల్లబట్టలు వేసుకుంటారు కాబట్టి ఆడవాళ్ళు లోపల మందంగా ఉండేవి వేసుకోవాలి, పొడి బట్టలు ఇంకో జత, తువ్వాలు, గట్టు మీద అడ్డంగా దుప్పటి పట్టుకోడానికి ఇద్దరు మనుషులు. మెట్ల మీద పాచి ఉంటది, చూసి దిగండి, మునిగేవాళ్ళ కంటే ముందు పాస్టర్ గారే మునిగిన రోజు మేం చూశాం.

పది నిమిషాలు ముందు

మా సంఘంలో ఒక మామ్మగారు ఉన్నారు, కొబ్బరి ఈనెలు తీసి చీపుళ్ళు కట్టి అమ్ముతారు. ఓ ఆదివారం మా ఇంట్లో గోడ గడియారం ముందుకెళ్ళిపోయి ఉంటే నేను చూసుకోకుండా ఎనిమిదిన్నరకే మందిరానికి వెళ్ళిపోయా. అప్పటికే ఆవిడ ఊడ్చేసి చాపలు పరుస్తున్నారు, తన చీపురే, ఇంటి నుంచి తెచ్చుకున్నది. నన్ను చూసి చాప వదిలేసి, "ఏం బాబూ, ఒంట్లో బాలేదా, ఇంత పెందలాడే వచ్చావు?" అన్నారు. ఏం చెప్పాలో తెలీక చాప రెండో చివర పట్టుకున్నా. ఆవేళ ఇంకోటి చూశా. ఆవిడ కానుక కొంగు చివర ముడేసుకొస్తారు, పదిరూపాయల నోటు, ముడి ఎంత బిగుతుదంటే కానుక సంచి దగ్గరికొచ్చాక విప్పుదామంటే కాదు, అందుకని అంతకు ముందు పాట ఎత్తుకోగానే పంటితో మొదలెట్టేస్తారు, నోట్లో ముడి ఉంటే పాట ఎలా పాడతారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు కానీ పాడతారు.

మీరు ఊడవక్కర్లేదు. పది నిమిషాలు ముందెళ్ళి పక్కన కూర్చున్న మనిషి పేరు తెల్సుకోండి చాలు, వందనాలండి అని చెయ్యి కలిపి వదిలెయ్యకుండా ఒక్క ప్రశ్న అడగండి, కోతలయ్యాయా, పాప ఇంటరు ఎలా రాసింది, ఏదైనా. అసలు పని వచ్చే వారం ఉంటది, అడిగింది గుర్తుపెట్టుకుని మళ్ళీ అడగాలి. నాకు గుర్తుండదు, అందుకని కానుక కవరు వెనక రాసుకుంటా.

ఒక్క పని ఒప్పుకోండి, రెండొద్దు

ఇక్కడ నా తప్పు చెప్పాలి. డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ సర్వీసులో ఆవేశం వచ్చేసి, వచ్చే ఏడాది ఎవరెవరు ఏ పరిచర్య చేస్తారంటే ప్రతిదానికీ చెయ్యెత్తేశా, సండే స్కూలు, పాటల టీము, యూత్ మీటింగు, నా చెయ్యి కిందకి దిగలేదు. జనవరిలో రెండు ఆదివారాలు బానే చేశా. మూడో వారం చెరువు పట్టుబడి పడింది, వలలు, ఐసు, లారీ, తెల్లార్లూ గట్టు మీదే, వెళ్ళలేదు, ఎవరికీ ఫోన్ కూడా చెయ్యలేదు. నాలుగో వారం అలిసిపోయి పడుకున్నా. తర్వాత తెల్సింది, ఆ రెండు ఆదివారాలూ పిల్లలు తొమ్మిది మంది తాళం వేసిన తలుపు ముందు మెట్ల మీద కూర్చుని కూర్చుని వెళ్ళిపోయారంట, తాళంచెవి నా బండి తాళాలతో పాటు నా జేబులోనే ఉంది. వాళ్ళలో ఒక పాప 23వ కీర్తన మొత్తం నేర్చుకొచ్చింది, అప్పజెప్పమని నేనే చెప్పా. మరుసటి వారం కనపడితే, "మాస్టారూ, మీరు రాలేదని మా మేకకి అప్పజెప్పేశానండి" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అప్పజెప్పిందంట. సిగ్గుతో చచ్చిపోయా.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. ఒక్క పనే ఒప్పుకుంటా, అది కూడా మూడు నెలలకి, మూడు నెలలయ్యాక మళ్ళీ పెద్దల్ని అడుగుతా. ఒప్పుకున్న రోజే నేను రాకపోతే ఎవరు చేస్తారో వాళ్ళ పేరు చెప్పేస్తా, తాళంచెవి ఇంకోటి చేయించి వాళ్ళకిచ్చేస్తా (నలభై రూపాయలయ్యింది, ఇంత చిన్న విషయానికి తొమ్మిది మంది పిల్లలు ఎండలో కూర్చున్నారు). పట్టుబడి ఎప్పుడో రెండ్రోజుల ముందే తెలుస్తది, అప్పుడే ఫోన్ చెయ్యాలి, పొద్దున్న కాదు.

సండే స్కూలైతే శుక్రవారం రాత్రే ఒక అరగంట కూర్చుని సిద్ధం అవ్వండి, ఒక కథ, ఒక కంఠత వాక్యం, ఒక పాట, అంతకుమించి పిల్లలు పట్టుకోలేరు. పాఠాలు చెప్పడం రానివాళ్ళకి పనులు లేవా అంటే బోల్డున్నాయి, చాపలు పరచడం, మైకు సెట్టు చూసుకోడం, నడవలేని పెద్దోళ్ళని బండి మీద తీసుకురావడం, శుక్రవారం ఉపవాస కూడికలో టీ కాయడం, ప్రేమ విందులో వడ్డన, కానుకల లెక్క రాయడం. మైకు చూసుకునేవాళ్ళకి నా మనవి ఒకటి, మార్చిలో పదో తరగతి పరీక్షలప్పుడు సౌండు సగానికి తగ్గించండి, పక్కింటి పిల్లలు మన సంఘం వాళ్ళు కాకపోయినా పిల్లలే కదా. ఈ చిన్న పనులు చిన్నవని అనుకోకండి, 2022 జూలై వరదకి గోదారి లంకల్లో నీళ్ళొచ్చినప్పుడు మా మందిరం వెనక పొయ్యిలు పెట్టి పులిహోర పొట్లాలు కట్టి పడవెక్కించింది ఎవరనుకున్నారు, మామూలు రోజుల్లో చాపలు పరిచే బ్యాచే. మైకులో ప్రార్థన చేసేవాళ్ళలో కొందరు ఆ రోజు ఫొటోల్లో ఉన్నారు.

కానుక

1 కొరింథీయులు 16లో పౌలు గారు చెప్పింది చాలా ప్రాక్టికల్ మాట, ఆదివారం ఆదివారం తను వర్ధిల్లిన కొద్దీ ఎవరికి వాళ్ళు పక్కన పెట్టుకోమన్నారు. రోజు కూలికెళ్ళి ఆరువందలు తెచ్చుకునేవాళ్ళు అరవై ఒక డబ్బాలో వేసుకుంటే ఆదివారం పొద్దున వెతుక్కోనక్కర్లేదు. చెరువుల వాళ్ళకి, కౌలు రైతులకి డబ్బు పంటకోసారి వస్తది, వాళ్ళు మేత కొట్టు బాకీ, ఎరువుల బాకీ తీర్చాక మిగిలిన దాంట్లోంచి తీస్తే తప్పా అని నన్ను అడుగుతుంటారు. కొందరు పెద్దలు తప్పంటారు. నేనైతే కిరాణా కొట్టాయన కళ్ళు తప్పించి పక్క సందులోంచి మందిరానికి వచ్చి పెద్ద నోటు వేసేకంటే ముందు ఆయన ఖాతా కట్టడమే కానుక అంటా. చేతిలో డబ్బు ఆడని ఇళ్ళల్లో మా సంఘం ఆడవాళ్ళు అన్నం వండేముందు గుప్పెడు బియ్యం వేరే డబ్బాలో వేస్తారు, నెలాఖరుకి అది ఒక విధవరాలి ఇంటికెళ్తది. కోత పండగప్పుడు సరదా చూడాలి, తెచ్చిన కాయగూరలు వేలం వేస్తారు, పోయినసారి ఒక ఆనపకాయ పాడుకున్నాయన మళ్ళీ మందిరానికే ఇచ్చేస్తే ఇంకొకరు పాడారు, అలా మూడుసార్లు తిరిగింది, ఆఖరికి పాస్టరమ్మగారు పప్పులో వేసేశారు.

ఇంట్లో పడుకునేముందు పది నిమిషాలు కుటుంబ ప్రార్థన, ఫోన్లు వేరే గదిలో పెట్టి. వాట్సాప్ గ్రూపులో వాక్యం ఫార్వర్డ్ చేస్తే ప్రార్థన చేసినట్టు కాదండి, నేనూ చేస్తా, అయినా కాదు.

గొడవ వస్తే

వస్తుంది. మనుషులున్న చోట రాకుండా ఉండదు. మా దగ్గర సౌండ్ బాక్సులు కొన్న లెక్క మీద వచ్చింది, నేను ఒక పెద్దాయన మీద కోపంతో రెండు నెలలు మానేశా, ఇంట్లో కూర్చుని నాదే రైటని ఇంట్లోవాళ్ళకి రోజూ చెప్పా, వాళ్ళకి విసుగొచ్చింది. మత్తయి 18లో ఉన్న వరస తప్పిస్తే ఇంకో దారి నాకు దొరకలేదు, ముందు మీరూ ఆయనా ఇద్దరే మాట్లాడుకోవాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకోవాలి, అప్పటికీ కాకపోతేనే సంఘం. జనం చేసేది ఉల్టా, ముందు గ్రూపులో పెడతారు, ఆఖర్న ఆయన దగ్గరికెళ్తారు. వెళ్ళడం ఆదివారం వద్దు, ఆరాధన అయ్యాక అందరూ వింటుంటారు. మంగళవారమో బుధవారమో సాయంత్రం వాళ్ళింటికే వెళ్ళండి, టీ ఇస్తే తాగండి. నేను వెళ్ళినప్పుడు ఆయన బిల్లులు తీసి చూపించారు, ఒకటి తగ్గింది, అది నిజమే, మిగతావన్నీ ఉన్నాయి. ఆ ఒక్కదాని గురించి ఇంకా మా ఇద్దరికీ కుదర్లేదు. అయినా ఇప్పుడు పక్క పక్కన కూర్చుంటాం.

మానేసినవాళ్ళ ఇంటికి

ఇది అన్నిటికంటే కష్టం, అందరూ పాస్టర్ గారి పని అనేసుకుంటారు. నెల రోజులు కుర్చీ ఖాళీగా ఉంటే మీరే వెళ్ళండి. చేతిలో బైబిలు పట్టుకెళ్తే గుమ్మంలోనే భయపడతారు, నేనైతే అరడజను అరటిపళ్ళు పట్టుకెళ్తా. ఎందుకు రావట్లేదని అడగొద్దు. ఒంట్లో ఎలా ఉంది, కొబ్బరి రేటు ఎలా ఉంది, చిన్నోడికి ఉద్యోగం వచ్చిందా, అవి మాట్లాడండి, చెప్పాలనిపిస్తే వాళ్ళే చెప్తారు, అలిగామనో, కట్టుకోడానికి మంచి బట్టల్లేవనో, తాగుడు మళ్ళీ మొదలైందనో. విన్నది బయట చెప్పకండి, ప్రార్థన అంశం పేరుతో అస్సలు చెప్పకండి. అడిగితే ప్రార్థన చెయ్యండి, చిన్నది. లేచేటప్పుడు ఆదివారం కలుద్దామండి అంటే, "ఆయ్, చూద్దాం లెండి" అంటారు. అది రామని చెప్పడమే, గోదారోళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. నెక్స్ట్ వారం మళ్ళీ వెళ్ళండి, ఈసారి అరటిపళ్ళు అక్కర్లేదు.