అవతలి గట్టు మీది కొంగ కోసం కెమెరా కొనేముందు

నల్లగొండ పక్కన పానగల్లులో ఉన్న ఉదయసముద్రం చెరువు కట్ట మీద పొద్దున పూట పెద్ద లెన్స్ కెమెరా పట్టుకుని నిలబడితే చాలు, అటుగా పోయే బండి ఒకటి ఆగుతుంది. "అన్నా, ఎంత దూరం కొడ్తది ఇది?" అని అడుగుతారు. మొదటిసారి కెమెరా కొన్నప్పుడు నేనూ ఇదే ప్రశ్న పట్టుకుని షాపుకి పోయాను. డబ్బా మీద 50ఎక్స్ అని పెద్దక్షరాలు చూసి ఇంకేం అడగకుండా కొనేశాను. తీరా నీళ్లలో మొద్దు మీద కూర్చున్న లకుముకి పిట్టను తీసి ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే నీలంరంగు ముద్ద. అది పిట్ట అని నేను చెబితే తప్ప ఇంట్లోవాళ్లకు తెలియలేదు. ఆ డబ్బులు ఎలాగూ పోయాయి, మీవి పోకుండా కెమెరాను ఎలా పరీక్షించుకోవాలో చెబుతాను.

ముందు ఆ ఎక్స్ గొడవ తేల్చుకుందాం. ఎక్స్ అంటే దూరం కాదు. లెన్స్ ఎంత దగ్గరగా చూపిస్తుందో మిల్లీమీటర్లలో (ఫోకల్ లెంగ్త్) చెబుతారు, జూమ్ చివరి మిల్లీమీటర్లను మొదటి మిల్లీమీటర్లతో భాగిస్తే వచ్చే అంకె, అంతే. నికాన్ పీ900 జూమ్ 24 నుంచి 2000 దాకా పోతుంది కాబట్టి 83ఎక్స్, కెనాన్ ఎస్ఎక్స్70 జూమ్ 21 నుంచి 1365 దాకా పోతుంది కాబట్టి 65ఎక్స్, సోనీ ఆర్ఎక్స్10 మార్క్ 4 జూమ్ 24 నుంచి 600 దాకానే కాబట్టి 25ఎక్స్. అందుకని షాపులో చివరి మిల్లీమీటర్లు ఎన్ని అని అడగండి, అదీ 35 ఎంఎం లెక్కలో, అంటే అన్ని కెమెరాలనూ పాత ఫిల్మ్ కెమెరా కొలతకు తెచ్చి పోల్చే లెక్కలో. అది తెలిస్తే ఫోన్లో కాలిక్యులేటర్ తీసి 36ను (ఆ ఫిల్మ్ ఫ్రేము వెడల్పు మిల్లీమీటర్లలో) ఆ అంకెతో భాగించి, పిట్ట ఎన్ని మీటర్ల దూరంలో ఉందో దానితో గుణించండి. ఫ్రేములో ఎన్ని మీటర్ల వెడల్పు పడుతుందో ఇంచుమించుగా వస్తుంది. పిట్ట 50 మీటర్ల దూరంలో ఉంటే 2000 దగ్గర 90 సెంటీమీటర్లు, 600 దగ్గర 3 మీటర్లు. చిన్న లకుముకి పిట్ట పొడవు 17 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి మొదటిదాంట్లో ఫ్రేములో ఐదో వంతు, రెండోదాంట్లో పద్దెనిమిదో వంతు. మీ పిట్ట ఏది, మామూలుగా ఎంత దూరంలో కూర్చుంటుంది, ఈ రెండూ తెలియకుండా కెమెరా చూడబోవడం కొలత ఇవ్వకుండా బట్టలు కుట్టించుకోవడమే.

అలాగైతే 2000 ఉన్నదే కొనేస్తే సరిపోతుంది కదా అంటారు. అక్కడే సెన్సర్, అంటే వెలుతురును ఫోటోగా మార్చే చిప్, అడ్డం పడుతుంది. పీ900 లాంటి వాటిలో ఉండే 1/2.3 అంగుళాల సెన్సర్ దాదాపు 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు ఉంటుంది, చిటికెన వేలి గోరు కంటే చిన్నది. ఆర్ఎక్స్10లో ఉండే ఒక అంగుళం సెన్సర్ 13.2కి 8.8, అంటే విస్తీర్ణంలో నాలుగింతలు (ఒక అంగుళం అని పేరే గానీ కొలిస్తే అంగుళం ఉండదు, అది వేరే కథ). పైగా జూమ్ చివర పీ900 ఎఫ్6.5కి పడిపోతుంది, సోనీ ఎఫ్4 దగ్గర నిలబడుతుంది (ఎఫ్ అంకె పెరిగితే లెన్స్‌లోంచి వచ్చే వెలుతురు తగ్గుతుంది). రెండూ కలిపితే సెన్సర్ మీద పడే మొత్తం వెలుతురులో పదింతల తేడా. పొద్దు గుంకే వేళ కొంగలు గూళ్లకు చేరేటప్పుడు వెలుతురు చాలక ఐఎస్ఓ (వెలుతురును కెమెరా పెంచి చూపే అంకె) 1600 దాటించాల్సి వస్తే చిన్న సెన్సర్ ఈకల గీతలన్నీ చెరిపేసి సున్నం కొట్టినట్టు చేస్తుంది. కానీ సోనీ 600 ఫోటోని కత్తిరించి 2000 అంత దగ్గరగా చూపించాలంటే 20 మెగాపిక్సెల్‌లో రెండు కూడా మిగలవు. కాబట్టి ఎండలో, దూరంగా, కదలకుండా కూర్చున్న పిట్ట అయితే చిన్న సెన్సర్, పెద్ద జూమ్. మసక వెలుతురు, ఎగిరే పిట్ట, కొంచెం దగ్గరి దూరం అయితే పెద్ద సెన్సర్. రెండూ ఒకే కెమెరాలో ఇస్తామని చెప్పేవాళ్లని నేనైతే నమ్మను.

ఇక చేతిలోకి తీసుకుని చూడటం. మీ ఎస్‌డీ కార్డు మీరే పట్టుకుపోండి, షాపువాళ్ల కెమెరా స్క్రీన్ మీద ప్రతి ఫోటో బాగానే కనిపిస్తుంది. మెనూలో డిజిటల్ జూమ్ ఆపేయండి. గుమ్మం బయటికి వచ్చి దూరంగా ఉన్న సైన్‌బోర్డు అక్షరాలను సగం జూమ్‌లో ఒకసారి, పూర్తి జూమ్‌లో ఒకసారి తీయండి. చాలా కెమెరాలు సగం దాకా పదునుగా ఉండి చివర మెత్తబడతాయి, ఆ మెత్తదనం ఎంతో ఇంటికొచ్చి నూరు శాతం సైజులో చూస్తే గానీ తెలియదు. తర్వాత ఎండలో మెరుస్తున్న ఆకాశం ముందున్న కరెంటు తీగను తీయండి, దాని అంచున వంగపండు రంగు గీత ఎంత లావుగా వస్తే తెల్లకొంగ మెడ చుట్టూ అంతే వస్తుంది. పూర్తి జూమ్‌లో షటర్ 1/125 (సెకనులో 125వ వంతు) పెట్టి చేత్తోనే పది ఫోటోలు తీసి, ఎన్ని పదునుగా వచ్చాయో లెక్కపెట్టండి. ఏడెనిమిది వస్తే వణుకు ఆపే స్టెబిలైజేషన్ మంచిదే. మూడే వస్తే కెమెరాతో పాటు ట్రైపాడ్ ఖర్చు కూడా కలుపుకోండి. నేను ట్రైపాడ్ మోయలేక చిన్న గుడ్డసంచిలో వడ్లు నింపుకుని కట్ట గోడ మీద పెట్టి దాని మీద లెన్స్ ఆనిస్తాను, మూడొంతుల పని అదే చేస్తుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష, ఎవరూ చేయనిది, వెతకడం. 2000 దగ్గర పిట్ట ఫ్రేములోంచి జారిపోతే మళ్లీ దొరకడం గడ్డివాములో సూదిని వెతికినట్టే. కొన్ని కెమెరాలకు పక్కనే ఒక మీట ఉంటుంది, నొక్కి పట్టుకుంటే జూమ్ కాసేపు వెనక్కి వచ్చి, వదిలితే మళ్లీ ముందుకు పోతుంది. నికాన్ పీ వరుసలో ఉంది, కెనాన్‌లో వేరే పేరుతో ఉంది. ఆ మీట లేని కెమెరా అయితే నేను పక్కన పెట్టేస్తాను. అలాగే కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ కావాల్సిందే. మన ఏప్రిల్ ఎండలో వెనక స్క్రీన్ మీద మీ ముఖం తప్ప ఇంకేమీ కనిపించదు. పీ900 వ్యూఫైండర్ 9 లక్షల పైచిలుకు చుక్కలది, తర్వాత వచ్చిన పీ950లో 23 లక్షల పైన, ఈ తేడా కంటికి బాగా తెలుస్తుంది. పీ950లో రా ఫైలు (కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫోటో) కూడా వస్తుంది, పీ900లో రాదు. ఫోటోలు కూర్చుని దిద్దుకునే ఓపిక మీకుంటే ఇది చూసుకోండి, లేకపోతే వదిలేయండి.

షాపువాళ్లు చందమామ ఫోటో చూపిస్తే పడిపోకండి. చందమామ మీద పడేది సూర్యుడి ఎండే, బోలెడంత వెలుతురు. 2000 దగ్గర అది ఫ్రేము ఎత్తులో మూడొంతులు నిండుతుంది కాబట్టి ఏ కెమెరాకైనా గొప్పగా కనిపిస్తుంది.

ఒకటి మాత్రం కెమెరా తప్పు కాదు. మక్తల్ దాటి మాగనూరు, కృష్ణా మండలాల వైపు కృష్ణజింకల కోసం మధ్యాహ్నం పోతే, చేల మీద లేచే వేడిగాలికి జింక కాళ్లు అలల్లా వంకర్లు పోతాయి. ఎన్ని లక్షలు పెట్టి కొన్న లెన్సయినా ఆ గాలిలోంచే చూడాలి కదా. కాబట్టి పరీక్షకు పొద్దున్నే పోండి, లేకపోతే బాగున్న కెమెరాని బాగాలేదని తిరిగిచ్చేస్తారు. జూమ్ మొదట్లోని 24 సంగతి కూడా ఒకసారి చూసుకోవాలనుకుంటే పానగల్లులోనే ఛాయా సోమేశ్వరాలయం ఉంది, గర్భగుడి గోడ మీద పడే స్తంభం నీడను ఫ్లాష్ లేకుండా తీయండి. చీకట్లో నాయిస్, అంటే ఫోటోలో ఇసుక చల్లినట్టు వచ్చే చుక్కలు, ఎంతో అక్కడ తేలిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ అయితే ఇంకాస్త జాగ్రత్త. ఈ కెమెరాల లెన్స్ ఊడదీయడానికి రాదు, జూమ్ ముందుకూ వెనక్కూ పోయే కొద్దీ లోపలికి దుమ్ము పీల్చుకుంటుంది, తుడవాలంటే మొత్తం విప్పాలి. తెల్ల గోడను పూర్తి జూమ్‌లో ఎఫ్8 పెట్టి తీసి, నల్లచుక్కలున్నాయేమో చూడండి. లెన్స్‌లోకి ఫోన్ టార్చ్ ఏటవాలుగా కొట్టి సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, బేరం ఆడకుండా వచ్చేయండి. జూమ్‌ని ఆ చివర నుంచి ఈ చివర దాకా ఓ ఇరవైసార్లు తిప్పండి, మధ్యలో గరగర శబ్దం వస్తే మోటారు పని అయిపోవచ్చింది. బ్యాటరీ ఒరిజినలో కాదో చూడండి, కొత్తదైనా పీ900 ఒక్క ఛార్జికి 360 ఫోటోలే ఇస్తుంది, పీ1000 అయితే 250, అంటే పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చే లోపే రెండో బ్యాటరీ అవసరం పడుతుంది. ఆ రెండోది కెమెరాతో పాటే అడిగి తీసుకోండి, తర్వాత విడిగా వెతుక్కోవడం ఒక టెన్షన్.