పదిమందిని సైకిళ్ళ మీద విజయనగరం తిప్పాలంటే

విజయనగరం పాత ఊరు నడిచి చూడాలంటే కాళ్ళు పీకుతాయి, కారేసుకెళ్తే ఆపుకోడానికి చోటు దొరకదు. సైకిలైతే కోట, సంగీత కళాశాల, గురజాడ ఇల్లు, పెద్దచెరువు, పైడితల్లి గుడి, గంటస్తంభం ఒక్క పూటలో ఎండెక్కకముందే చూసేయొచ్చు. కాకపోతే మన మానాన మనం తొక్కుకుంటూ తిరగడం వేరు, పొరుగూరి నుంచి వచ్చిన పదిమందిని వెంటబెట్టుకుని తిప్పడం వేరు. ఎంత చరిత్ర తెలిసిన గైడైనా, వెనకాల ఏడో సైకిలు ఎక్కడుందో తెలియకపోతే ఆ పూట గోవిందా.

పదిమందికి మించి ఒక జట్టుగా తీసుకెళ్ళొద్దు. పదిమంది ఒకరి వెనక ఒకరు, మధ్యలో రెండేసి సైకిళ్ళ ఖాళీ వదులుకుని పోతుంటేనే వరస యాభై మీటర్లు దాటిపోతుంది. పన్నెండు, పదిహేనుమంది అయితే ముందువాళ్ళు సెంటరు దాటేసరికి వెనకవాళ్ళు ఆటోల మధ్య ఇరుక్కుంటారు. ఈ పదిమందికీ ఇద్దరు ఉండాలి: ముందు దారి చూపించే గైడు, చివర మరొకరు. ఆ చివరి మనిషిని చాలామంది నామ్కే వాస్తే పెడతారు. నిజానికి బాగా తొక్కగలిగేవాడూ, పంక్చరు వేయడం వచ్చినవాడూ చివరే ఉండాలి. పంపు, సామాను అతని దగ్గరే ఉంటాయి. ఏం జరిగినా అతను ఎవరినీ దాటి ముందుకి రాకూడదు. అతను కనిపించాడంటే అందరూ వచ్చేసినట్టే. దూరం నుంచే గుర్తుపట్టేలా అతనికి పసుపుపచ్చ చొక్కా వేస్తే సరిపోతుంది.

వచ్చేవాళ్ళని ముందే రెండు ప్రశ్నలు అడగాలి. ఎత్తెంత? ఆఖరిసారి సైకిలు ఎప్పుడు తొక్కారు? "చిన్నప్పుడు తొక్కేవాణ్ణండి" అనే జవాబు వస్తే ఆ మనిషిని వరసలో గైడు వెనకే పెట్టుకోవాలి. రానివాళ్ళని వెనక్కి నెట్టడం అందరూ చేసే పొరపాటు. వరసలో వెనక్కి పోయేకొద్దీ ఆగడం, మళ్ళీ పరిగెత్తి అందుకోవడం ఎక్కువవుతుంది, బలహీనంగా ఉన్నవాళ్ళు అక్కడే అలిసిపోతారు. వాళ్ళు ముందుంటే గైడు వేగం దానంతట అదే తగ్గుతుంది.

ముందురోజు సాయంత్రం

సైకిళ్ళ తనిఖీ పొద్దున్న పెట్టుకోకూడదు, ముందురోజు సాయంత్రమే కానివ్వాలి. అద్దెకిచ్చే షాపులు ఇప్పుడు తగ్గిపోయాయి కాబట్టి ఎలాగూ వారం ముందే చెప్పిపెట్టుకోవాలి. సాయంత్రం అన్నిటికీ నిండా గాలి కొట్టి వదిలేస్తే, పొద్దునకి మెత్తబడినదానికి సన్నచిల్లు ఉన్నట్టు. అది పంక్చరే కానక్కర్లేదు. పాతరకం వాల్వు ఉన్న సైకిళ్ళలో లోపలి సన్నటి రబ్బరు గొట్టం, అంటే వాల్‌ట్యూబు, ఎండిపోయి చీలుతుంది. వాల్వు కొనమీద కాస్త ఉమ్మి రాస్తే బుడగ లేస్తుంది. బుడగ లేచిందంటే ట్యూబు విప్పే పనిలేదు, కొత్త వాల్‌ట్యూబు ముక్క తొడిగితే చాలు. జానెడు వాల్‌ట్యూబు జేబులో ఉంటే ఆ పూటకి భయం లేదు.

ఎంత గాలి పెట్టాలో టైరు పక్కన అచ్చువేసి ఉంటుంది, దానికి మించొద్దు. తక్కువ పెట్టడం కూడా మంచిది కాదు. మెత్తటి టైరుతో గతుకులో పడితే రిమ్ము, రాయి మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలాంటి జంట చిల్లులు కనబడితే ముల్లు కోసం వెతక్కండి, తప్పు గాలిది.

బ్రేకు లివరు గట్టిగా నొక్కినప్పుడు హ్యాండిలుకీ దానికీ మధ్య కనీసం రెండు వేళ్ళ సందు మిగలాలి. లివరు హ్యాండిలుకి తగిలిందంటే బ్రేకు వదులుగా ఉంది. ఏ చేతి లివరు ఏ చక్రాన్ని పడుతుందో ఒక్కో సైకిలుకి ఒక్కోలా ఉంటుంది, కాబట్టి ఎవరి సైకిలు వాళ్ళు బయల్దేరేముందే నొక్కి చూసుకోవాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే మనిషి హ్యాండిలు మీంచి ముందుకి పడతాడు.

సీటు ఎత్తు చూడ్డానికి టేపులక్కర్లేదు. సీటు మీద కూర్చుని, కింద ఉన్న పెడలు మీద మడమ ఆనిస్తే మోకాలు తిన్నగా రావాలి. అలా ఉంటే మునివేళ్ళ దగ్గరి పాదంతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగి ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటే అరగంటకే మోకాలు ముందుభాగం నొప్పెడుతుంది. బాగా మానేసినవాళ్ళకి మాత్రం మొదట అంగుళం కిందికి దించి, కాళ్ళు నేలకి ఆనేలా పెట్టండి. భయం పోయాక పెంచొచ్చు.

చున్నీలు, చీర కొంగులు వెనక చక్రంలోకి పోకుండా నడుముకి చుట్టి ముడేయాలి. చైను కుడివైపు ఉంటుంది కనక ప్యాంటు కుడికాలికి రబ్బరు బ్యాండు చాలు.

చివరి మనిషి సంచిలో ఉండాల్సినవి: పంపు, రెండు టైరు లివర్లు, ప్యాచీలు, సొల్యూషను, గరుకు కాగితం, సైకిళ్ళ సైజులకి తగ్గ రెండు కొత్త ట్యూబులు, చక్రాల నట్లకి సరిపోయే స్పానరు, వాల్‌ట్యూబు, పాత గుడ్డ. మందుల విషయానికొస్తే దూది, బ్యాండేజీ, డెట్టాలు, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు.

రోజు, గంట

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. ఆ నెలల్లో పొద్దున్న ఆరున్నరకి బయల్దేరితే తొమ్మిదిన్నరకి ముగించొచ్చు. మే నెలలో అయితే ఐదున్నరకల్లా చక్రం కదలాలి, ఎనిమిదికల్లా ఆపేయాలి. మన వైపు ఎండకంటే ఉక్కపోత ప్రమాదం. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, దాహం వేసేసరికే ఆలస్యమైపోతుంది. మనిషికి లీటరు నీళ్ళు, ప్రతి మజిలీలో నాలుగు గుక్కలు, దాహం ఉన్నా లేకపోయినా. తలనొప్పి, వికారం అన్నవాళ్ళని నీడలో కూర్చోబెట్టి ఓఆర్ఎస్ తాగించి ఆటో ఎక్కించేయండి. "ఇంకొంచెమే కదా" అని తొక్కించొద్దు.

పరగడుపున తీసుకెళ్ళొద్దు, అలాగని పెసరట్టు ఉప్మా పెట్టించీ తీసుకెళ్ళొద్దు. ముందు ఒక అరటిపండో, గ్లాసుడు చోడంబలో, అంటే రాగిజావో, పుచ్చుకుని, అసలు టిఫిను ఆఖర్న పెట్టుకుంటే అందరూ చురుగ్గా తొక్కుతారు.

మంగళవారం పైడితల్లి గుడి దగ్గర రద్దీ. విజయదశమి తర్వాత పైడితల్లి పండగకి వచ్చే తొలేళ్ళ సోమవారం, సిరిమాను మంగళవారం ఊరంతా జనసంద్రమే, సైకిలు ఊసే ఎత్తొద్దు. పండగ చూడ్డానికే వచ్చినవాళ్ళుంటే నడిచి చూడమనండి.

దారిలో

మొదట కోట గోడ వెంట ఉన్న రోడ్డు మీద జట్టుని ఒకసారి తొక్కించి వేగం చూసుకోవచ్చు. కోట చదరంగా ఉంటుంది, ఒక్కో పక్క సుమారు 240 మీటర్లు. ఆ పొడుగుని నిమిషంన్నరలో దాటితే గంటకి తొమ్మిదిన్నర కిలోమీటర్ల వేగం, రెండు నిమిషాలు పడితే ఏడు. రెండు నిమిషాల జట్టయితే మొత్తం దారి ఆరు కిలోమీటర్లు దాటనివ్వొద్దు, ఒక మజిలీ తగ్గించుకోండి.

సెంటర్ల దగ్గర జట్టు చీలిపోకుండా ఒక పద్ధతుంది. మలుపు రాగానే గైడు తన వెనకున్న మొదటి మనిషిని ఆ మూల మీద ఆపి, "ఇటు" అని చెయ్యి చూపించి ముందుకి పోతాడు. ఆ మనిషి అక్కడే నిలబడి వచ్చినవాళ్ళకల్లా దారి చూపిస్తాడు. చివర పసుపుపచ్చ చొక్కా కనబడ్డాక, అతని ముందు వరసలో కలుస్తాడు. తర్వాతి మలుపులో కొత్తవాడి వంతు. రానివాళ్ళ వంతు వస్తే గైడు వాళ్ళని వదిలేసి ఆ వెనకున్నవాణ్ణి ఆపాలి. ఇలా చేస్తే గైడు వెనక్కి తిరిగి చూడక్కర్లేదు, అరవక్కర్లేదు. కుడివైపు మలుపు రద్దీగా ఉంటే మాత్రం ఏ పద్ధతీ వద్దు, అందరూ దిగి సైకిళ్ళు నడిపించుకుంటూ దాటడమే. ఆటో వెనకాల దగ్గరగా పోవద్దు, చెయ్యెత్తిన మనిషి కనబడగానే అది ఎడంపక్కకి కోసుకొచ్చి ఆగుతుంది.

చక్రం తిరుగుతుండగా చరిత్ర చెప్పకూడదు. సగంమందికి వినబడదు, విన్నవాళ్ళు రోడ్డు చూడరు. సైకిళ్ళు స్టాండు వేసి, రోడ్డు వదిలి, నీడలో నిలబెట్టాక ఐదు నిమిషాలు చెప్పండి, అంతే. మజిలీకి ఒక్క విషయం గట్టిగా చెప్తే గుర్తుంటుంది.

కోట దగ్గర చెప్పాల్సింది విజయాల లెక్క. 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు, జయవారం అనే మంగళవారం పునాది వేశారంటారు. అరవై ఏళ్ళ చక్రం ప్రకారం మళ్ళీ విజయ 2013లో వచ్చింది, అంటే కోటకి సరిగ్గా ఐదు చక్రాలు నిండాయి. పిల్లలుంటే లెక్క వాళ్ళచేతే కట్టించండి. తూర్పున ఉన్న పెద్ద ద్వారం నగారాఖానా. లోపల 1869లో కట్టిన మోతీమహల్ ఉంది. కోటలో ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి కాబట్టి లోపలికి పోవాలంటే ముందుగా అడిగి ఉంచుకోవాలి. గేటు దగ్గర పదిమందితో నిలబడి బతిమాలుకోవడం బాగోదు.

సంగీత కళాశాల 1919 నాటిది, మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామినాయుడు విద్యార్థిగా చేరదామని వస్తే ఆయన వాయులీనం విని ఆచార్యుడిగా పెట్టుకున్నారు. మధూకరం ఎత్తుకుని తింటూ ఇక్కడ చదువుకున్న కుర్రాడే ఘంటసాల. ఈ రెంటిలో ఏదో ఒకటి చెప్పండి, రెండూ వద్దు. లోపల్నుంచి సాధన వినిపిస్తుంటే అసలు మాట్లాడకండి.

గురజాడ ఇంటిముందు రోడ్డుకి అడ్డంగా సైకిళ్ళు పెట్టొద్దు. చుట్టూ మనుషులు కాపరం ఉండే వీధి అది. "ఏటి బాబూ, ఎక్కణ్ణించొచ్చారు?" అని అరుగుమీంచి పెద్దాయనెవరైనా అడిగితే కంగారుపడక ఆగి జవాబు చెప్పండి. అలాంటి పలకరింపుల్లోంచి గైడుకి తెలియని సంగతులు కూడా బయటికొస్తాయి. గురజాడ నాటకం కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడింది ఈ ఊళ్ళోనే అన్న ఒక్క ముక్క చాలు ఇక్కడికి.

పెద్దచెరువు దగ్గరే పంక్చర్ల బెడద. గట్ల మీద తుమ్మముళ్ళు రాలి ఉంటాయి. వానలు పడ్డాక బురదలో కూరుకుపోయి కనబడవు కూడా. గట్టెక్కాలనుకుంటే దిగి నడవండి. ఎలాగూ పొద్దున్నపూట అది నడిచేవాళ్ళ దారి.

పంక్చరు పడిందే అనుకోండి. చివరి మనిషి తన సైకిలు ఆ మనిషికిచ్చి పంపేసి, తను వెనక ఉండి బాగుచేసుకోవాలి. జట్టు రోడ్డు పక్కన కాదు, తర్వాతి మజిలీలో ఆగుతుంది. వీలుంటే కొత్త ట్యూబే వేయడం మంచిది, ప్యాచీ ఇంటికెళ్ళాక వేసుకోవచ్చు. ట్యూబు ఏది వేసినా టైరు లోపలంతా గుడ్డతో నెమ్మదిగా తుడవాలి. ముల్లు మొన ఉన్నచోట గుడ్డ పట్టుకుంటుంది. తుమ్మముల్లు టైరులో విరిగి, బయటికి నల్లచుక్కలా మాత్రమే కనిపిస్తుంది. దాన్ని తీయకుండా ట్యూబెక్కిస్తే వంద గజాలు వెళ్ళేలోపు మళ్ళీ దిగిపోతుంది. ప్యాచీయే వేయాల్సొస్తే గరుకు కాగితంతో ట్యూబు మెరుపు పోయేదాకా రుద్ది, సొల్యూషను పల్చగా రాసి, వేలి వెనకభాగంతో తాకితే అంటుకోనంత ఆరాక అతికించాలి. తడిగా ఉండగానే అతికించిన ప్యాచీ గాలి కొట్టగానే లేచిపోతుంది. టైరు ఆఖరి అంచు ఎక్కించేటప్పుడు లివరు వాడొద్దు, బొటనవేళ్ళతోనే నెట్టండి. లివరుతో ఎక్కించబోతే ట్యూబు నలిగి కొత్త చిల్లు పడుతుంది.

పైడితల్లి గుడి దగ్గర చెప్పులు విప్పాలి కాబట్టి తాళ్ళ బూట్లు వద్దని ముందే చెప్పండి. లోపలికి సగంమంది, సైకిళ్ళ దగ్గర సగంమంది, తర్వాత మార్పు. అమ్మవారి విగ్రహం దొరికింది పెద్దచెరువులోనే అని అప్పుడే చూసొచ్చిన చెరువుకి ముడిపెట్టి చెబితే బాగా పడుతుంది. 1757 బొబ్బిలి యుద్ధం కథ కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఆ యుద్ధంలో విజయనగరం రాజైన అన్న మరణవార్త విని ప్రాణం విడిచిన ఆడపడుచే అమ్మవారని ఊరి నమ్మకం.

గంటస్తంభం 1885 నాటిది, ఎనిమిది పలకల కట్టడం. చుట్టూ బజారు. షాపులు తెరిచాక అక్కడ పది సైకిళ్ళు ఆపడానికి చోటుండదు, సరుకు బళ్ళు దిగే వేళైతే మరీను. ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుని కదిలిపోవడం మేలు.

జట్టు గట్టిగా ఉండి ఇంకా తొక్కుతామంటే మరో రోజు పెట్టుకుని రామతీర్థం వెళ్ళండి. పన్నెండు, పదమూడు కిలోమీటర్లుంటుంది. గురుభక్తులకొండ మీద బౌద్ధుల కట్టడాల శిథిలాలు, పక్కన బోధికొండ. కొండెక్కడానికి కాళ్ళలో సత్తువ మిగలాలి కనక పోయేటప్పుడు గంటంబావు తీసుకోండి. తిరుగు దారి ఎండలో పడకుండా చీకటితోనే బయల్దేరాలి, అంటే ప్రతి సైకిలుకీ వెనక ఎర్రలైటు, ముందు లైటు ఉండి తీరాలి.