రియర్ ఫేసింగ్ సీటులోని పసిబిడ్డను చూసుకునే కారు అద్దం: ఎంపికలో గమనించవలసినవి

కారు నడుపుతుండగా వెనుక సీటులోని పసిబిడ్డ ఉన్నట్టుండి ఏడుపు ఆపేస్తే, ఏడుస్తున్నప్పటి కంటే ఎక్కువ కంగారు పుడుతుంది. నిద్రలోకి జారుకుందా, పాలు కక్కుకుందా, మెడ వాలిపోయిందా అన్నది ముందు కూర్చున్నవారికి తెలిసే దారి లేదు. రియర్ ఫేసింగ్ సీటులో బిడ్డ ముఖం కారు వెనుక వైపు ఉంటుంది కనుక మనకు కనిపించేది ఆ సీటు వీపు మాత్రమే. ముఖం కనబడడం లేదన్న కారణంతో సీటును ముందుకు తిప్పేయడం ఎంతమాత్రం తగదు. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే చాలా బరువు, మెడ ఇంకా లేత. కారు ఎదురుగా దేనినైనా ఢీకొన్నప్పుడు వెనక్కి తిరిగి ఉన్న సీటు తలను, మెడను, వెన్నును కలిపి తన మీద ఆనించుకుని కాపాడుతుంది. అందుకే పిల్లల కారు సీట్ల భద్రతకు ఐక్యరాజ్యసమితి పెట్టిన ఆర్129 నిబంధన కనీసం 15 నెలలు నిండే వరకు పిల్లలను ఇలాగే కూర్చోబెట్టాలంటుంది, అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సీటుకు నిర్ణయించిన ఎత్తు, బరువుల పరిమితి చేరేదాకా వీలైనంత కాలం ఇలాగే ఉంచమంటుంది. బిడ్డకు ఎదురుగా కారు వెనుక సీటు వీపుకు ఒక చిన్న అద్దం బిగిస్తే, డ్రైవరు ముందున్న రియర్ వ్యూ అద్దంలోంచి బిడ్డ ముఖం చూసుకోవచ్చు. ఇన్ని నెలల ప్రయాణాలకు తోడుగా ఉండే అద్దం కనుక దానిని శ్రద్ధగా ఎంచుకోవాలి.

నేను అన్నిటికంటే ముందు చూసేది ఒకటే: ఒక్క చూపులో బిడ్డ సంగతి తెలియాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు రెండు సెకన్లలో దాదాపు 33 మీటర్లు దాటిపోతుంది. అద్దంలో కనిపిస్తున్నది ముఖమా, దుప్పటి మడతా అని పోల్చుకోవడానికి ఆ రెండు సెకన్లూ పడితే, ఆ అద్దం సాయం చేయకపోగా ప్రమాదం తెచ్చిపెడుతుంది.

కొనబోయే ముందు సొంత కారు వెనుక సీటును ఒకసారి పరిశీలించండి. ఈ అద్దాలలో ఎక్కువ భాగం బిడ్డకు ఎదురుగా ఉండే హెడ్‌రెస్ట్‌కు పట్టీలతో బిగించేవే. హెడ్‌రెస్ట్ రెండు కడ్డీల మీద పైకి లేచే రకమైతే నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి పట్టీలు బిగించుకోవచ్చు; అద్దం కదలకుండా నిలబడేది ఈ రెండు పట్టీల బిగింపుతోనే. సీటులో కలిసిపోయిన హెడ్‌రెస్ట్‌కు నిలువు పట్టీ దూర్చే సందు ఉండదు కాబట్టి, సీటు వీపునంతా చుట్టి వచ్చే పొడవైన పట్టీ ఉన్నదాన్ని వెతకాలి. మధ్య సీటుకు కొన్ని కార్లలో హెడ్‌రెస్టే ఉండదు. అలాంటప్పుడు వెనుక గాజుకు సక్షన్ కప్‌తో (నొక్కితే గాలి పోయి అతుక్కునే రబ్బరు కప్పుతో) అంటించే అద్దాలను చూపిస్తారు గానీ, ఎండకు వేడెక్కిన గాజు మీద ఆ కప్పులు పట్టు వదిలేస్తాయి; బిడ్డకు ఎదురుగా అలాంటిది వద్దనే నేనంటాను. పక్క కిటికీకి గానీ, దాని పక్కనున్న స్తంభానికి గానీ ఏదీ బిగించకూడదు, ఎందుకంటే చాలా కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (ప్రమాదంలో పక్క కిటికీకి తెరలా ఉబ్బే గాలి సంచి) తెరుచుకునే దారి అదే.

ఇక అద్దం ఉపరితలం. సమతల అద్దంలో ముఖం ఉన్నంత పరిమాణంలో కనిపిస్తుంది, కానీ కనిపించే మేర తక్కువ. కోణం కాస్త తప్పినా బిడ్డకు బదులు సీటు అంచు కనిపిస్తుంది. ముందుకు ఉబ్బినట్టుండే కుంభాకార అద్దం బిడ్డను తల నుంచి కాళ్ల దాకా చూపిస్తుంది, ప్రతిబింబాన్ని మాత్రం చిన్నది చేస్తుంది. వంపు మరీ ఎక్కువైతే ముఖం బొటనవేలి గోరంత అయిపోతుంది. అందుచేత కొద్దిపాటి వంపు ఉండి, సుమారు 25 నుంచి 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న అద్దం చాలావరకు సరిపోతుంది. దుకాణంలోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. వెంట వచ్చినవారిని అద్దానికి అర మీటరు ఎదురుగా నిలబెట్టి, మీరు రెండు మీటర్ల దూరం నుంచి అద్దంలోకి ఒక్క క్షణం చూసి తల తిప్పేయండి. వారి కళ్లు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో చెప్పగలిగితే ఆ అద్దం పనికొస్తుంది. కారులో బిడ్డ ప్రతిబింబం మళ్లీ రియర్ వ్యూ అద్దంలో పడి రెండోసారి తిరగబడుతుంది కనుక, కుడి చెయ్యి కుడి చెయ్యిగానే కనిపించడం ఇందులో ఒక విశేషం.

బరువు విషయంలో చాలామంది పట్టింపు చూపరు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోయిందనుకుంటే, ఆ క్షణంలో 300 గ్రాముల అద్దం పట్టీలను లాగే బలం దాదాపు నాలుగు కిలోల బరువుతో సమానమవుతుంది. ఆ బలానికి పట్టీ ఊడిందంటే దెబ్బ ఎవరికైనా తగలవచ్చు. అందువల్ల గాజు అద్దం జోలికి పోకుండా సులభంగా పగలని అక్రిలిక్ ప్లాస్టిక్‌నే తీసుకోవాలి. అంచులు గుండ్రంగా, మెత్తగా ఉండాలి. అలంకారానికి పెట్టే గట్టి ప్లాస్టిక్ చెవులు, వేలాడే బొమ్మలు, బిడ్డ చేతికి అందే పట్టీ కొసలు ఉండకూడదు. పెట్టె మీద క్రాష్ టెస్ట్ చేసినట్టు రాసి ఉంటే ఏ వేగం వద్ద, ఎలాంటి బిగింపుతో చేశారో అడగండి. బిడ్డ సీటుతో ఇచ్చిన పుస్తకంలో విడి ఉపకరణాల గురించి ఏం రాశారో కూడా చదవండి.

అద్దం వెనుక కోణం మార్చుకోవడానికి ఉండే గుండ్రటి కీలును చేత్తో తిప్పి చూడాలి. మేము మొదట వాడిన అద్దం కీలు మూడో నెలకే వదులైపోయింది. ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ అద్దం కిందికి వాలి, బిడ్డ ముఖానికి బదులు ఊలు సాక్సులు తొడిగిన రెండు పాదాలు కనిపించేవి. ఆ భయం ఇప్పటికీ గుర్తుంది. కాస్త బలం పెడితేనే తిరిగే కీలు మంచిది.

రాత్రి ప్రయాణాలు ఎక్కువైతే లైటు ఉన్న అద్దం ఉపయోగమే, అయితే వెలుగు మెత్తగా, తగ్గించుకునే వీలుతో ఉండాలి. దాని రిమోట్‌లో బటన్ సెల్ (గుండీలాంటి చిన్న బ్యాటరీ) ఉంటే బ్యాటరీ మూత తప్పనిసరిగా స్క్రూతో బిగించినదై ఉండాలి, ఎందుకంటే పిల్లలు మింగిన బటన్ సెల్ రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. కెమెరా, తెర ఉన్నవి చీకట్లో బాగా చూపిస్తాయి గానీ, వెలిగే తెర కంటిని పదేపదే తనవైపు లాగుతుంది. నా మటుకు నేను అద్దానికే మొగ్గు చూపుతాను.

బిగించే రోజు ముందుగా అక్రిలిక్ మీది పలచటి రక్షణ పొరను ఒలిచేయండి, అది ఉన్నంతసేపూ ప్రతిబింబం మసకగానే ఉంటుంది. రియర్ వ్యూ అద్దాన్ని వెనుక రోడ్డు కనిపించేలా సర్దుకుని, దానిని ఇక కదపకుండా, బిడ్డ అద్దం కోణాన్నే మార్చుకుంటూ రావాలి. వెనుక గాజుకు అడ్డం రాకుండా వీలైనంత కిందికి బిగించండి. ఉదయం, సాయంత్రం ఎండ బిడ్డ కళ్లలో పడుతోందేమో చూడండి. నెలకొకసారి పట్టీలు బిగించి, అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్ వాడకుండా తడి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు.

అద్దం ముఖాన్ని చూపిస్తుంది, ఊపిరిని చూపించలేదు. నెలల పిల్లల గడ్డం ఛాతీకి ఆనుకుపోతే శ్వాస మార్గం ఇరుకవుతుంది; కదలకుండా పడుకున్న బిడ్డ హాయిగా నిద్రపోతోందో, ఊపిరికి ఇబ్బంది పడుతోందో ప్రతిబింబాన్ని బట్టి తేల్చలేము. అనుమానం కలిగితే మళ్లీ మళ్లీ అద్దంలోకి చూడకుండా, సురక్షితమైన చోట కారు ఆపి, వెనుక తలుపు తెరిచి, గడ్డం కింద వేలు పెట్టి తలను నెమ్మదిగా ఎత్తి, బిడ్డ ఊపిరి వెచ్చగా చేతికి తగులుతోందో లేదో చూసుకోండి.