ఎండలు ముదరక ముందే: చప్పుడు తక్కువ ఉండే ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కోసం జాగ్రత్తలు

షోరూములో చూపించే డెసిబెల్ అంకె చాలాసార్లు లోపలి యూనిట్‌ది. 30, 32 అని రాసి ఉంటే అది గదిలో ఫ్యాన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు వచ్చే చప్పుడు. సజ్జా మీద రాత్రంతా గుర్రుమనే పెట్టె లెక్క వేరు. బ్రోచర్ చివరి పేజీలో అవుట్‌డోర్‌కు విడిగా అంకె ఉంటుంది, అది అడిగి చూడండి. ఒకటిన్నర టన్ను యూనిట్లలో చాలావాటికి ఇది 50 నుంచి 55 మధ్య ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొందరు యూనిట్ పుట్టించే మొత్తం ధ్వని శక్తిని రాస్తారు, కొందరు మీటరు దూరంలో చెవికి చేరే ధ్వనిని రాస్తారు. ఆరుబయట నేల మీద పెట్టిన ఒకే యూనిట్‌కు ఈ రెండింటి మధ్య సుమారు 8 డెసిబెల్స్ తేడా వస్తుంది. ఒకచోట 62, మరోచోట 54 అని కనబడితే రెండోది మెరుగని అనుకోకండి, రెండూ ఒకటే కావచ్చు. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి చప్పుడు దాదాపు రెట్టింపు అనిపిస్తుంది కాబట్టి ఈ తికమక చిన్నదేమీ కాదు. నివాస ప్రాంతాలకు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో పెట్టిన పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. పక్కింటి కిటికీ దగ్గర్లో ఉంటే ఈ అంకెలు గుర్తుంచుకోండి. స్టార్ లేబుల్ కరెంటు పొదుపు గురించి చెబుతుంది, చప్పుడు గురించి చెప్పదు.

ఇన్వర్టర్ కంప్రెసర్ అయితే గది చల్లబడ్డాక వేగం తగ్గించుకుని మెల్లగా తిరుగుతుంది. పాత పద్ధతి కంప్రెసర్ తిరిగినంతసేపూ ఒకటే వేగం, ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ ఒక కుదుపు. రాత్రి నిద్ర చెడగొట్టేది ఎక్కువగా ఆ కుదుపే. ట్విన్ రోటరీ కంప్రెసర్ దొరికితే మంచిది, అందులో రెండు రోటర్లు ఎదురెదురుగా బరువు సరిచూసుకుంటాయి, అదురు తక్కువ.

కానీ ఇన్వర్టర్ కొన్నా టన్నేజీ తప్పితే లాభం లేదు. ఏసీ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలున్నప్పుడు లెక్కగడతారు. రోహిణి కార్తెలో రామగుండంలోనో రెంటచింతలలోనో 45 దాటినప్పుడు అదే యంత్రం అంత చల్లదనం ఇవ్వలేదు. చిన్నది కొంటే అర్ధరాత్రి దాకా పూర్తి వేగంతోనే రొద పెడుతుంది. 120 చదరపు అడుగుల గదికి టన్ను, 180 దాకా ఒకటిన్నర అన్నది మామూలు లెక్క. పై అంతస్తు అయి, స్లాబు మీద నేరుగా ఎండ పడుతుంటే ఒక మెట్టు పైకి వెళ్లండి.

ఎక్కడ పెట్టాలన్నది యూనిట్ కొనక ముందే తేల్చుకోవాలి. ఆరుబయట దూరం రెట్టింపైతే చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రెండు గోడల మూలలో పెడితే అది తిరిగొచ్చి పెరుగుతుంది. అపార్ట్‌మెంట్ డక్టులో అయితే చప్పుడుతోబాటు వేడి కూడా బయటికి పోదు. కింది ఇంటి యూనిట్ వదిలిన వేడిగాలినే పైది పీల్చుకుంటుంది, ప్రెషర్ పెరుగుతుంది, ఫ్యాన్ మరింత గట్టిగా తిరుగుతుంది, చివరికి ట్రిప్ అవుతుంది. ముందువైపు కనీసం మీటరు, వెనక అడుగు ఖాళీ ఉండేలా చూడండి. మంచం తలవైపు గోడకు బ్రాకెట్ బిగించవద్దు. పడకగది పైన మేడ మీద పెట్టాల్సి వస్తే స్లాబు మధ్యలో కాకుండా దూలం మీదకు వచ్చేట్టు పెట్టండి, మధ్యలో స్లాబు డోలులా పలుకుతుంది. ఎండకు అడ్డంగా రేకు కప్పితే యూనిట్ చప్పుడుకు రేకు చప్పుడు తోడవుతుంది.

బిగింపు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. యూనిట్ కాళ్ల కింద మందపాటి రబ్బరు బుష్‌లు వేసి, అవి అణిగిపోయి రాయిలా మారకుండా నట్టు బిగించాలి. కొత్త ఇళ్లలో తేలికపాటి బూడిదరంగు బ్లాకుల గోడలుంటాయి. వాటిలో మామూలు యాంకర్ బోల్టు కొడితే అదురుకు రంధ్రం వెడల్పై బ్రాకెట్ వదులవుతుంది. అక్కడ గోడకు అవతలివైపు ప్లేటు పెట్టి గోడ గుండా అవతలిదాకా పోయే బోల్టు వేయించండి, లేదా కాంక్రీటు దూలానికి బిగించమనండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరంలో ఉప్పుగాలికి బ్రాకెట్ రెండు మూడేళ్లలోనే తుప్పుపట్టవచ్చు కాబట్టి స్టెయిన్‌లెస్ బోల్టులు అడగండి.

రాగి పైపు మరీ పొట్టిగా ఉంటే కంప్రెసర్ అదురు నేరుగా గదిలోకి వస్తుంది. చాలా కంపెనీలు కనీసం 3 మీటర్లు అడుగుతాయి. గోడ రంధ్రంలో పైపు ఇటుకకు తగలకుండా చుట్టూ ఫోమ్ నింపించండి. గ్యాస్ వదిలే ముందు వాక్యూమ్ పంపు పెట్టించండి. గాలి లోపల ఉండిపోతే ప్రెషర్ పెరిగి యంత్రం మూలుగుతూనే ఉంటుంది.

ఇప్పటికే యూనిట్ ఉన్నవాళ్లు ఫిబ్రవరిలోనే కాయిల్ కడిగించుకోవాలి. ఏసీకి కరెంటు ఇచ్చే ఎంసీబీ స్విచ్ ఆపి, కాసేపు ఆగి, మామూలు ధారతో కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి. చప్పుడు తీరును బట్టి లోపం పట్టుకోవచ్చు: గలగల అంటే స్క్రూలు వదులు, కీచుమంటే ఫ్యాన్ మోటార్ బేరింగ్, పాత రకంలో మూలిగి ట్రిప్ అయితే ముందు కెపాసిటర్ చూడాలి. వోల్టేజీ తక్కువై టకటకమంటే ఆ లోపం కరెంటుది, యూనిట్‌ది కాదు.

సజ్జా మీదకు మనిషిని ఎక్కించేటప్పుడు బెల్టు తప్పనిసరి. బెల్టు తాడును కిటికీ గ్రిల్‌కో బ్రాకెట్‌కో కట్టనివ్వకండి. పని అయ్యాక మెకానిక్ ఉండగానే 18 డిగ్రీలు పెట్టి పావుగంట నడిపించి, బ్రాకెట్, పైపు, లోపలి గోడ మీద చెయ్యి ఆనించి చూడండి. గోడ అదురుతుంటే రబ్బరు మార్చిన తర్వాతే సర్వీస్ కాగితం మీద సంతకం చేయండి.