రిలే టక్‌మంటుంది, లైట్ మాత్రం వెలగదు

చెన్నైలో పాత పద్మిని కారునో అంబాసిడర్‌నో ఇంకా అపురూపంగా చూసుకునేవాళ్లకు ఈ తంటా తెలిసిందే. హాలోజన్ లైట్లు, జోడు హార్న్ పెట్టించి రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్‌లు) కూడా వేయిస్తారు. కొన్నాళ్లు అంతా బాగుంటుంది. ఒక వానాకాలం దాటగానే ఏదో ఒకటి మొరాయిస్తుంది. వెంటనే విడిభాగాలు దొరికే పుదుపేట వెళ్లి కొత్త రిలే కొనుక్కొస్తారు. చాలాసార్లు తప్పు రిలేది కాదు, దానికి వచ్చే వైర్ల దారిది. అందుకే ముందు మల్టీమీటర్ పట్టండి.

పిన్నులు గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. 85, 86 కాయిల్‌వి, అంటే కరెంటు రాగానే అయస్కాంతమై రిలేను కలిపే తీగచుట్టవి. 30 అంటే బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా వచ్చే ప్లస్. 87 లైటుకో హార్న్‌కో వెళ్తుంది. ఐదు పిన్నుల రిలేలో 87ఎ ఉంటే, రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు అది 30తో కలిసి ఉంటుంది.

రిలే టక్‌మంటుంది, లైట్ డల్‌గా ఉంది లేదా అసలు లేదు

ఎక్కువగా వచ్చేది ఇదే. టక్‌మందంటే కాయిల్ బాగానే ఉంది. చూడాల్సింది 30, 87, ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగివెళ్లే దారి). చెన్నై ఉప్పుగాలిలో నేను ముందు అనుమానించేది ఎర్త్‌నే.

లైట్ ఆన్ చేసి, మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టండి. ఒక ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద, రెండోది బల్బు హోల్డర్ ఎర్త్ పిన్ను మీద. 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ బాగాలేదు. ఇది లైట్ వెలుగుతుండగానే కొలవాలి. లోడ్ లేనప్పుడు ఒక్క పోగు మిగిలిన వైరు కూడా నిండుగా 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది.

ఎర్త్ బోల్టు విప్పితే లగ్ (వైరు కొసన ఉండే లోహపు ముక్క) కింద పచ్చటి పొడో, పెయింట్ పొరో కనిపిస్తుంది. ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వేసలిన్ రాయండి. ఇంకా మంచిది, రెండు హెడ్‌లైట్ల ఎర్త్‌నూ 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో నేరుగా బ్యాటరీ మైనస్‌కు తెచ్చేయడం.

ఎర్త్ బాగుంటే ప్లస్ వైపు అలాగే కొలవండి: బ్యాటరీ ప్లస్ నుంచి 30 దాకా, 30 నుంచి 87 దాకా, 87 నుంచి బల్బు దాకా. మొత్తం కలిపి అర వోల్టు దాటకూడదు. 30కీ 87కీ మధ్యే ఎక్కువ పోతుంటే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి. అప్పుడు మాత్రమే రిలే మార్చండి. ఇంత పట్టింపు ఎందుకంటే, బల్బుకు 10 శాతం వోల్టేజీ తగ్గితే దాదాపు 30 శాతం వెలుతురు పోతుంది. రాత్రిపూట ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద వెళ్లేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

రిలే టకటకా కొట్టుకుంటోంది

కాయిల్, లైట్ ఒకే సన్న వైరు మీదో ఒకే బలహీనమైన ఎర్త్ మీదో ఆధారపడి ఉంటాయి. రిలే పట్టగానే లైట్ కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, రిలే వదిలేస్తుంది, మళ్లీ పడుతుంది. 30కి బ్యాటరీ నుంచి విడిగా లావు వైరు, 85కి విడిగా ఎర్త్ ఇవ్వండి.

ఇంజన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు మాత్రమే ఇలా అయితే బ్యాటరీని, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోను చూడాలి. పాత బ్రిటిష్ బండ్లలో కనిపించే లూకాస్ సి40-1 డైనమో గరిష్ఠంగా ఇచ్చేదే 22 ఆంపియర్లు, ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. 60/55 వాట్ల బల్బులు రెండు హైబీమ్‌లో దగ్గర దగ్గర 10 ఆంపియర్లు తింటాయి. రిలే కరెంటును దారి మళ్లిస్తుందే గానీ పుట్టించదు కదా!

అసలు చప్పుడే లేదు

స్విచ్ వేసి 86 దగ్గర 12 వోల్టులు ఉన్నాయా, 85కి ఎర్త్ అందుతోందా చూడండి. రెండూ ఉంటే రిలే తీసి కాయిల్ కొలవండి. మామూలుగా 70 నుంచి 100 ఓమ్‌ల మధ్య ఉంటుంది. ఓపెన్ (తీగ తెగినట్టు) అని చూపిస్తే కాయిల్ పోయినట్టే.

స్విచ్ ఆఫ్ చేసినా ఒక ఫాగ్ లైట్ వెలుగుతోంది

రిలే మార్చిన మర్నాడే ఇలా అయితే వెతకక్కర్లేదు. పాత రిలేలో మధ్య పిన్ను రెండో 87. కొత్తదాంట్లో అది 87ఎ. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, కౌంటర్ మీద తేడా తెలియదు. కొనేటప్పుడు డబ్బా మీది బొమ్మ చూడండి.

ఇగ్నిషన్ తాళం తిప్పగానే హార్న్ ఆగకుండా మోగుతోంది

చాలా పాత బండ్లలో హార్న్ బటన్ ప్లస్ ఇవ్వదు, ఎర్త్ ఇస్తుంది. హెడ్‌లైట్ లాగే అనుకుని 85ను బాడీకి కలిపేస్తే మోగక ఏం చేస్తుంది? 86కి ప్లస్ ఇచ్చి, 85ను బటన్ వైరుకు కలపండి.

వారం ఆపితే బ్యాటరీ డౌన్

86కి వచ్చే ప్లస్ తాళంతో ఆగాలి. ఎప్పుడూ లైవ్‌గా ఉండే వైరు నుంచి తీస్తే, 85 కూడా ఎర్త్‌కు కలిసే ఉంటే, కాయిల్ ఒక్కటే 150 మిల్లీఆంపియర్ల దాకా తాగుతూ ఉంటుంది. వారానికి అది 25 ఆంపియర్-అవర్లు, అంటే చిన్న బ్యాటరీలో చాలా భాగం.

ఫ్యూజ్ పదేపదే పోతోంది

దయచేసి పెద్ద ఫ్యూజ్ వేయకండి. ఫ్యూజ్ కాపాడేది వైరును, లైటును కాదు. 15 ఆంపియర్ల వైరుకు 30 ఫ్యూజ్ వేస్తే ముందు కాలేది వైరే. ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న రేకు) రంధ్రంలో రబ్బర్ గ్రోమెట్ (వైరు రాసుకోకుండా పెట్టే రింగు) ఉందో లేదో, వైరు రేకుకు రాసుకుని రాగి బయటపడిందేమో చూడండి. ఫ్యూజ్‌ను బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టండి. దానికీ బ్యాటరీకీ మధ్యనున్న వైరుకు ఏ రక్షణా ఉండదు.